రాయి కోసే చోట నీరుండాలి

ఒంగోలు నుండి మార్కాపురం వెళ్ళే దారి రెండు రాళ్ళ సీమలను కలుపుతుంది. బయలుదేరిన కొద్దిసేపటికే చీమకుర్తి వస్తుంది. నల్లని రాతిపై బంగారు చుక్కలు చల్లినట్టుండే గెలాక్సీ గ్రానైట్ పుట్టిల్లు అదే. ఆ దారినే పడమరకు సాగి పొదిలి దాటి మార్కాపురం చేరుకుంటే అక్కడి నేల పలకరాయి నేల. చీమకుర్తి రాయిని రంపం పెట్టి కోయాలి. మార్కాపురం రాయిని ఉలితో తట్టితే చాలు, పుస్తకంలో పుటల్లా విడివడుతుంది. ఈ రెంటికీ నడుమ పొదిలి ఉంది. 1970లో ఒంగోలు ప్రాంతాన్ని గుంటూరు నుండి, పొదిలిని నెల్లూరు నుండి, మార్కాపురం, గిద్దలూరులను కర్నూలు నుండి తీసి ఒకే జిల్లాగా కూర్చారు. మూడు జిల్లాల అంచులు కలిసిన చోటే భూగర్భంలోనూ రకరకాల శిలలు పక్కపక్కన చేరి ఉండడం ఒక చిత్రం.

ఇలాంటి చోట పుట్టి పెరిగినవారికి రాయి కొత్త వస్తువు కాదు. గడపకు వాడేది, ప్రహరీకి పేర్చేది, బడికి పట్టుకెళ్ళేది అన్నీ రాయే. అయితే రాయిని కోసి, బిళ్ళలుగా తీసి, నునుపుచేసి దాని లోపలి అందాన్ని చూడటమన్నది ఇక్కడ ఎప్పుడూ జీవనోపాధిగానే సాగింది. సరదాగా చేసుకునే వ్యాపకం కాలేదు. పాశ్చాత్య దేశాలలో దీని దారి వేరు. అమెరికాలో ఇంటి వెనుక చిన్న పాకలో రంపం పెట్టుకుని సెలవు రోజుల్లో రాళ్ళు కోసుకునేవారు వేలల్లో ఉన్నారు. వారికోసం 'లాపిడరీ జర్నల్' అనే పత్రిక 1947లోనే మొదలైంది. మన ఊళ్ళలో ఇప్పుడు వజ్రపు పొడి పొదిగిన బ్లేడు, చిన్న కటింగ్ మిషన్ హార్డ్‌వేర్ దుకాణంలో సులభంగా దొరుకుతున్నాయి. చేతిలో నైపుణ్యం, కళ్ళెదుట రాళ్ళ గుట్టలు ఉన్న యువకునికి ఆ కోరిక కలగటం సహజం. ఈ వ్యాపకం మంచిదే. ఓర్పు నేర్పుతుంది, ఖర్చు తక్కువ, ఇంటిల్లిపాదీ పాలుపంచుకోవచ్చు. కాని ఇందులో ఒక్క విషయం తెలియకపోతే తక్కినదంతా తెలిసినా ప్రయోజనం లేదు. ఆ విషయానికి వచ్చేముందు రాళ్ళను కాస్త పరిచయం చేసుకుందాం.

పలకరాయి ఒకప్పుడు బురద. వంద కోట్ల ఏళ్ళకు పూర్వమే, కడప నుండి నల్లమల దాకా పరచుకున్న ఒక ప్రాచీన సముద్రపు అడుగున మెత్తని ఒండ్రు పొరలు పొరలుగా పేరుకుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు పలకరాళ్ళను మన కంభం పేరు మీదుగానే 'కంభం శిలాశ్రేణి' అని పిలుస్తారు. ఆ బురద గట్టిపడి, తరువాత భూమి పొర ముడతలు పడ్డప్పుడు పక్కల నుండి అపారమైన ఒత్తిడికి గురైంది. దానిలోని అభ్రకం జాతి రేకులన్నీ ఆ ఒత్తిడికి అడ్డంగా ఒకే దిక్కుకు తిరిగి వరుస కట్టాయి. రాయి పలుచగా విచ్చుకోవటానికి కారణం ఆ వరుసే. అందుకే పలకను చీల్చేటప్పుడు ఉలి బురద పొరల వెంటే వెళ్ళాలన్న నియమం లేదు. ఆ రేకుల వెంట వెళ్తుంది. కొన్ని ముక్కల మీద చీలికకు ఏటవాలుగా సాగే లేత రంగు పట్టీలు కనిపిస్తాయి. అవి పాత బురద పొరల ఆనవాళ్ళు. సముద్రపు అడుగు ఒక దిక్కున, పర్వతం పుట్టుక మరొక దిక్కున, రెండూ అరచేతి వెడల్పు రాతిలో ఇమిడి ఉంటాయి.

మన తరం అలిఫ్, బే దిద్దుకున్నది, అ, ఆ దిద్దుకున్నది ఈ రాతి మీదే. చెక్క చట్రంలో బిగించిన మార్కాపురం పలక తెలుగు నాట బడికి వెళ్ళే ప్రతి పిల్లవాని సంచిలో ఉండేది. కాగితపు పుస్తకాలు చవకయ్యాక, రేకు పలకలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. పరిశ్రమ గోడలకూ నేలకూ వాడే డిజైన్ పలకల వైపు మళ్ళి, విదేశాలకు ఎగుమతి చేస్తోంది. నలుపు, బూడిద, ఆకుపచ్చ రంగులతోపాటు ఇనుపతుప్పు ఛాయలు కలగలిసిన రకాలకూ ఆదరణ ఉంది. చదరాలు కోయగా మిగిలిన తునకలు పరిశ్రమకు వ్యర్థం. వ్యాపకంగా పట్టుకున్నవారికి అవే పెన్నిధి. యజమానిని అడిగి తీసుకుంటే సరిపోతుంది.

గెలాక్సీ సంగతి వేరు. వ్యాపారులు గ్రానైట్ అంటారు గాని శాస్త్రం దృష్టిలో అది గ్రానైటే కాదు, గాబ్రో జాతి శిల. లోతున కరిగిన శిలాద్రవం నింపాదిగా చల్లారగా ఏర్పడినది. అందులో మెరిసే చుక్కలు బంగారమూ కావు, రాగీ కావు. బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలవి. స్ఫటికం లోపల అతి పలుచని రేకులు వరుసగా పేరుకుని ఉండటంతో వెలుగు వాటిపై పడి ఇత్తడి రంగులో తిరిగి వస్తుంది. రాతిని అటూ ఇటూ తిప్పితే ఒక చుక్క ఆరిపోయి మరొకటి వెలుగుతుంది. కాబట్టి చిన్న ముక్కను కోయాలనుకున్నవారు తడిపి, ఎండలో తిప్పి చూసి, ఏ ముఖాన ఎక్కువ చుక్కలు పలుకుతున్నాయో ఆ ముఖానికి సమంగా గీత గీసుకోవాలి. కోత దిక్కును ఎంచుకోవటంలోనే ఈ విద్య సగం ఉంది. పట్టీల రాయిని పట్టీలకు అడ్డంగా కోస్తే చారలు కనిపిస్తాయి. వాటి వెంట కోస్తే రంగు మరకలా అలుక్కుపోతుంది.

మూడవది గులకరాయి. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం సీమ మీదుగా సముద్రానికి సాగే గుండ్లకమ్మ, కొండల మీది గట్టి క్వార్ట్జైట్ రాళ్ళను దొర్లించుకుంటూ వస్తుంది. తెలుపు, తేనె రంగు, గులాబీ ఛాయ గల ఈ రాళ్ళు పాలిష్‌కు చక్కగా లొంగుతాయి. ఒక హెచ్చరిక అవసరం. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీ చట్టం దృష్టిలో రాయి, మట్టి కూడా అటవీ సంపదే. అభయారణ్యం నుండి ఒక్క గులకరాయి తెచ్చుకున్నా అది అనుమతి లేని పనే అవుతుంది. వాగులో పారే రాతికి యజమాని లేడనుకోవటం తప్పు. ప్రైవేటు క్వారీలో పడివున్న తునకకైనా అడిగి తీసుకోవటమే మర్యాద.

చేతికి వచ్చిన రాయి ఏమిటో తెలుసుకోవటానికి ప్రయోగశాల అక్కర్లేదు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ మోస్ 1812లో రాళ్ళ గట్టితనాన్ని ఒకటి నుండి పది వరకు మెట్లుగా అమర్చాడు. మన గోరు రెండున్నర, ఉక్కు చాకు సుమారు ఐదున్నర, క్వార్ట్జ్ ఏడు, కురువిందం తొమ్మిది, వజ్రం పది. చాకుతో గీస్తే పలకరాయి మీద గీత పడుతుంది. క్వార్ట్జ్ మీద పడదు సరికదా, చాకు ఉక్కే అరిగి రాతి మీద నల్లని గీత మిగులుతుంది. ఇంగ్లీషు వాళ్ళు కొరండం అనే మాట మన దక్షిణాది 'కురువిందం' నుండే వెళ్ళింది. సానరాయికి పేరిచ్చిన నేల మనది.

రెండవ పరీక్ష బరువు. ఈ విద్యకు పెద్దదిక్కు అబూ రైహాన్ అల్‌బిరూనీ. 973లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన ఈ మహా పండితుడు మన దేశం గురించి గొప్ప గ్రంథం రాసినవాడిగా అందరికీ తెలుసు. జీవితపు చివరి దశలో ఆయన రత్నాలపై, లోహాలపై ఒక గ్రంథం రచించి గజనీ సుల్తాను మౌదూద్‌కు అంకితమిచ్చాడు. పక్కన సన్నని గొట్టం ఉన్న పాత్రను నిండా నీటితో నింపి, అందులో రాయి వేసి, పొర్లిన నీటిని తూచి, రాయి తన పరిమాణానికి ఎంత బరువో లెక్కగట్టాడు. చూపుకు ఒక్కలాగే ఉండే అసలు రాయిని, నకిలీని వేరు చేయటానికి ఆయన చూపిన ఆ దారి నేటికీ చెల్లుతుంది. వంటింటి డిజిటల్ త్రాసుతో మన పిల్లలూ చేయవచ్చు. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోవాలి. తరువాత నీటి గిన్నెను త్రాసుపై ఉంచి అంకెను సున్నా చేయాలి. రాయికి దారం కట్టి, అడుగుకు తగలకుండా నీటిలో వేలాడదీయాలి. త్రాసు చూపే అంకెతో రాయి బరువును భాగిస్తే ఫలితం వస్తుంది. 53 గ్రాముల రాయికి త్రాసు 20 చూపితే ఫలితం 2.65, అంటే క్వార్ట్జ్ కావచ్చు. మామూలు గాజుకు రెండున్నర దగ్గర వస్తుంది. కడప వైపు మంగంపేట ముగ్గురాయికి నాలుగున్నర దాకా వస్తుంది. త్రాసు అబద్ధం చెప్పదు, అమ్మేవాడు చెప్పినా.

ఇక కోత. ఇంటి కోతకు ఆరంగుళాల బ్లేడు, దిగువన నీటి తొట్టి, పైన చదునైన బల్ల ఉన్న చిన్న యంత్రం చాలు. నేలకు పరిచే టైల్స్ కోయటానికి మేస్త్రీలు వాడే తడి కటింగ్ మిషన్ దాదాపు అలాంటిదే. ఈ బ్లేడుకు కర్ర కోసే రంపంలా పళ్ళుండవు. దాని అంచులో వజ్రపు రేణువులు లోహంతో కలిపి పొదిగి ఉంటాయి. నిజానికి అది కోయదు, అరగదీస్తుంది. కనుక రాయిని బలంగా తోయకూడదు. తోస్తే బ్లేడు వంగుతుంది, వేడెక్కుతుంది, రాయి పగులుతుంది. యంత్రం శబ్దం బరువెక్కకుండా, రాయి తనంతట తాను ముందుకు జరుగుతున్నట్టు పట్టుకోవాలి. గుండ్రని రాయిని చేతితో పట్టి కోయటం ప్రమాదకరం. బ్లేడు కింద అది దొర్లితే వేళ్ళు లోపలికి వెళ్తాయి. చెక్క దిమ్మెలో బిగించి, మొదట ఒక అంచు తీసేస్తే చదునైన ముఖం వస్తుంది. ఆ ముఖాన్ని ఆధారం చేసుకుని ఐదారు మిల్లీమీటర్ల మందాన బిళ్ళలు తీసుకోవచ్చు. పెద్ద రంపాలలో నీటికి బదులు నూనె వాడే పద్ధతి ఉంది. దాని తుంపర, మంట ప్రమాదం చూస్తే ఇంటికి అది తగదని నా అభిప్రాయం.

కోసిన బిళ్ళ గరుకుగా ఉంటుంది. దాన్ని 80 నంబరు సిలికాన్ కార్బైడ్ పొడితో మొదలుపెట్టి 220, 400, 600, 1200 వరుసలో అరగదీయాలి. నంబరు పెరిగే కొద్దీ పొడి సన్నమవుతుంది. ప్రతి మెట్టు దగ్గర రాయిని, బల్లను, చేతులను, చివరకు గోళ్ళ సందులను కూడా కడగాలి. ముందటి మెట్టు గరుకు గింజ ఒక్కటి మిగిలినా చివరి నునుపు మీద గీత పడి మళ్ళీ మొదటికి వెళ్ళాలి. తొందరపడేవారు ఓడేది ఇక్కడే. ఆఖరున తోలు మీదనో, ఉన్ని ఫెల్ట్ మీదనో సీరియం ఆక్సైడ్ పొడిని తడిపి రుద్దితే అద్దంలాంటి మెరుపు వస్తుంది. ఉంగరపు రాయిలాంటి చిన్నదాన్ని పట్టుకోవటానికి సన్నని పుల్ల చివర లక్క కరిగించి అంటిస్తారు. మన సానపట్టేవారు తరతరాలుగా సానచక్రాన్ని కూడా కురువిందపు పొడిని లక్కతో కలిపే తయారు చేసుకున్నారు. గులకరాళ్ళకైతే ఇంత శ్రమ లేదు. చిన్న రబ్బరు పీపాలో మూడింట రెండు వంతులు రాళ్ళు, కాస్త నీరు, పొడి వేసి మోటారుతో తిప్పుతూ ఉంటే వారానికొక మెట్టు చొప్పున నెల రోజులకు మెరుస్తాయి. ఒకే గట్టితనం ఉన్న రాళ్ళనే కలిపి వేయాలి. మెత్తని పలకరాయి తునకలు క్వార్ట్జ్‌తో కలిస్తే పొడైపోతాయి.

ఇప్పుడు అసలు విషయం. పైన చెప్పిన ప్రతి పనిలో నీరు ఉంది. ఆ నీరు బ్లేడును చల్లబరచటానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. అది మన ఊపిరితిత్తులను కాపాడుతోంది.

క్వార్ట్జ్ అంటే స్ఫటిక రూపంలోని సిలికా. గులకరాళ్ళు దాదాపు అంతా అదే. పలకరాతిలోనూ గణనీయంగా ఉంటుంది. గెలాక్సీ వంటి గాబ్రో శిలలో చాలా తక్కువ. అయితే ఒకే యంత్రం మీద అన్ని రాళ్ళూ కోసేవారికి ఆ తేడా భరోసా ఇవ్వదు. పొడి రాయిని బ్లేడు అరగదీసినప్పుడు లేచే మబ్బులో మన కంటికి కనిపించే ధూళి అంత చెడ్డది కాదు. అది ముక్కులో, గొంతులో చిక్కుకుని బయటపడుతుంది. కనిపించని రేణువులు, అంటే ఐదు మైక్రాన్ల కంటే సన్ననివి, ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్తాయి. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. శరీరపు రక్షక కణాలు ఈ రేణువులను మింగుతాయి. మింగిన కణం చచ్చిపోతుంది. రేణువు మళ్ళీ బయటపడుతుంది. మరో కణం మింగుతుంది. ఈ పోరాటం జరిగిన చోటల్లా మచ్చలు గట్టిపడి, మెత్తని ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. సిలికోసిస్ అనే ఈ వ్యాధికి మందు లేదు. ధూళి మానేసిన తరువాత కూడా అది ముదరగలదు. క్షయ సోకే అవకాశాన్నీ పెంచుతుంది. ఎక్స్‌రేలో క్షయలాగే కనిపించి, నెలల తరబడి క్షయ మందులు వాడిన తరువాత గాని అసలు సంగతి బయటపడని రోగులు మన దేశంలో ఎందరో. సిలికా ధూళిని కాన్సర్ కారకాల మొదటి శ్రేణిలో 1997లోనే అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది.

ఇది కొత్తగా తెలిసినదీ కాదు. రాతిపనివారి ఊపిరితిత్తుల్లో ఇసుక పేరుకుంటుందని ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లో వెలువరించిన గ్రంథంలోనే ఉంది. అయినా మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో ఏం జరిగిందో చూడండి. మార్కాపురంలాగే అదీ పలకల ఊరు. అక్కడి ప్రత్యేకత బలపాలు. రాతిని విద్యుత్ రంపాలతో పొడిగా కోసి సన్నని కడ్డీలుగా చేసేవారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 1980లలో పరిశీలించినప్పుడు, పరీక్షించిన కార్మికుల్లో సగానికి పైగా సిలికోసిస్ బయటపడింది. ముప్పైలలో, నలభైలలో ఉన్నవారు పోయారు. పిల్లలు అక్షరాలు దిద్దే బలపం ఎవరి ఊపిరి అరిగి తయారైందో ఆ పిల్లలకు గాని, కొనిచ్చిన తల్లిదండ్రులకు గాని తెలియదు.

ఇంటి వ్యాపకానికి ఇంకా దగ్గరి ఉదాహరణ గుజరాత్‌లోని ఖంభాత్. అక్కడ అఖీఖ్ రాళ్ళ పని హరప్పా నాగరికత కాలం నుండి నడుస్తోంది. నాలుగున్నర వేల ఏళ్ళ క్రితమే మన ఉపఖండపు ఎర్రని పూసలు ఇరాక్‌లోని ఉర్ నగర సమాధుల దాకా వెళ్ళాయి. భరూచ్ సమీపంలోని రతన్‌పూర్‌లో రాయి తవ్వుతారు. అబిసీనియా నుండి వచ్చి ఈ వ్యాపారాన్ని నెలకొల్పారని చెప్పుకునే బాబా ఘోర్ దర్గా అక్కడే ఉంది. సిద్దీ ముస్లిములు ఆయనను తమ పెద్దగా తలుస్తారు. రాతిని కాల్చి ఎరుపెక్కించటం, చెక్కటం, సానపట్టటం అన్నీ ఇళ్ళలోనే, వసారాల్లోనే సాగుతాయి. ఆ ఊరి విశేషం ఇదే, విషాదమూ ఇదే. సానచక్రం తిప్పే మగవారికే కాదు, ఆ పని ఎన్నడూ ముట్టని ఇంటివారికీ, ఇరుగుపొరుగుకూ ఊపిరితిత్తుల జబ్బు సోకినట్టు అదే సంస్థ పరిశోధనల్లో తేలింది. కర్మాగారంలోని ధూళి కర్మాగారంలో ఉంటుంది. ఇంట్లో లేచిన ధూళి ఊయలలో పసిబిడ్డ మీద వాలుతుంది.

చట్టం ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది. 1923 నాటి నష్టపరిహార చట్టంలోనూ దానికి చోటుండేది. అయితే ఫ్యాక్టరీగా లెక్కకు రాని వసారాకు, నలుగురు పనిచేసే చిన్న షెడ్డుకు ఆ చట్టాలు ఏమేరకు చేరాయో చెప్పనవసరం లేదు. సంపన్న దేశాలు కూడా దీనికి అతీతం కావు. వంటగది గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసిన యువ కార్మికులు కొన్నేళ్ళలోనే జబ్బుపడటంతో ఆస్ట్రేలియా ఆ రాతినే 2024 జూలై 1 నుండి నిషేధించింది.

కనుక ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవారు యంత్రం కొనేముందు చోటు చూసుకోవాలి. గదిలో వద్దు, వంటింటి పక్క వసారాలో వద్దు. గాలి ఆడే పెరట్లో, బట్టలు ఆరేసే తీగకు, తాగునీటి తొట్టికి దూరంగా ఉండాలి. చేతిలో పట్టుకునే నాలుగంగుళాల గ్రైండర్‌తో పొడిగా రాయి కోయటం ఈ వ్యాపకంలో ఎన్నటికీ చేయరాని పని. గ్రానైట్ గట్టు బిగించే పనివారు ఇంటి నడిమింట్లో కూర్చుని అలా కోస్తుంటే మనం చూస్తూ ఊరుకుంటాం. ఇకపై ఊరుకోకూడదు. వారికి బకెట్టు నీళ్ళిచ్చి, నీటిధార పడే బ్లేడుతో బయట కోయమనాలి. అది వారి పట్ల మన బాధ్యత కూడా. ముఖానికి చుట్టుకునే రుమాలు సన్నని ధూళిని ఆపదు. ఎన్95 రకం మాస్కు ముఖానికి బిగుతుగా అమరితే ఆపుతుంది. గడ్డం ఉన్నవారికి అది పూర్తిగా అమరదు కాబట్టి వారు నీటి మీదే మరింత ఆధారపడాలి. మాస్కు నీటికి తోడు, నీటికి బదులు కాదు.

పని అయ్యాక చీపురుతో ఊడ్చితే తడిలో అణగిన ధూళి ఎండి మళ్ళీ లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. తొట్టి అడుగున పేరుకున్న బూడిదరంగు బురదను వుజూ నీళ్ళు పారే తూములో గాని, మరే కాలువలో గాని పోయకూడదు. అది సిమెంటులా గట్టిపడి గొట్టాన్ని మూసేస్తుంది. ఎండి చెదరితే ధూళే. సంచిలో కట్టి తడిగా ఉండగానే గుంటలో పూడ్చాలి. పైనున్న నీటిని తేర్చి మళ్ళీ వాడుకోవచ్చు. పొదిలి, మార్కాపురం, కనిగిరి సీమలలో నీటి విలువ ఎవరికీ చెప్పనక్కర లేదు. ఫ్లోరైడు లేని బిందెడు నీటికోసం ఎదురుచూసే ఇళ్ళున్న చోట సరదాకోసం నీరు వృథా చేయటం తగదు. అదృష్టవశాత్తు ఈ పనికి మంచినీరు అక్కర్లేదు. తొట్టెడు బోరు నీరు తేర్చుకుంటూ చాలా రోజులు వాడవచ్చు.

పనిబట్టల సంగతి తల్లులు, గృహిణులు ప్రత్యేకంగా గమనించాలి. ధూళి పట్టిన చొక్కాను గుమ్మం దగ్గర దులపటం మన అలవాటు. అలా దులిపేవారి ముఖం ఎదుటే ఆ మబ్బు లేస్తుంది. ఆ బట్టలను పెరట్లోనే బకెట్టులో ముంచి, పిల్లల బట్టలతో కలపకుండా ఉతకాలి. మార్కాపురం మిల్లుల నుండి ఇంటికి వచ్చే కార్మికుల బట్టలకూ ఇదే వర్తిస్తుంది. వ్యాపకంగా వారానికొక గంట కోసేవాడి కంటే రోజూ ఎనిమిది గంటలు కోసేవాడి ఇంటికి ఈ మాట వంద రెట్లు అవసరం. రాతిపనిలో ఏళ్ళు గడిపినవారికి మెట్లెక్కితే ఆయాసం, తగ్గని పొడి దగ్గు ఉంటే, ఏ పని చేసేవారో వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే వైద్యునికి ఆ దిక్కున ఆలోచన పోకపోవచ్చు. నీరూ విద్యుత్తూ పక్కపక్కన ఉండే పని కనుక, లీకేజీ కరెంటు కనిపించగానే సరఫరాను ఆపే బ్రేకర్ ఆ లైనుకు తప్పక ఉండాలి. రాగి పచ్చదనం పట్టిన రాళ్ళు, సీసపు ఖనిజం ఉన్న బరువైన రాళ్ళు వినుకొండ వైపు అగ్నిగుండాల ప్రాంతంలో ఉన్నాయి. వాటి ధూళి విషం. అలాంటివి కోయకుండా అలాగే అలమారాలో పెట్టుకుని చూసుకోవటం మేలు.

అఖీఖ్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వెండి ఉంగరానికి హబషా రాయి పొదిగి ఉండేదని సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం. అది అఖీఖ్ గాని, చారల జజ్‌అ గాని కావచ్చునని ఇమామ్ నవవీ వివరించారు. ఆ ఉంగరపు నగీనా కూడా వెండిదేనన్న ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. అఖీఖ్ ధరిస్తే పేదరికం పోతుందని, శుభం కలుగుతుందని చెప్పే ఉల్లేఖనాలను మాత్రం హదీసు విమర్శకులు నమ్మదగినవి కావని తోసిపుచ్చారు. రాయి అందం కోసం ధరించటం వేరు, అది అదృష్టం తెస్తుందని రాశి చూసి వేలకు వేలు పోసి కొనటం వేరు. స్వయంగా ఒక రాయిని కోసి, అది బురద నుండి ఎలా పుట్టిందో, దానిలోని రంగు ఏ ఇనుపతుప్పుదో కళ్ళారా చూసినవానికి అలాంటి భ్రమలు అంత తేలిగ్గా అంటవు. కృష్ణానది గులకల్లో కూడా అఖీఖ్ జాతి రాళ్ళు కనిపిస్తాయి. దక్కను పీఠభూమి లావా శిలల నుండి ప్రవాహం మోసుకొచ్చినవవి.

మొదలుపెట్టదలచినవారు యంత్రం జోలికి పోకుండానే మొదలుపెట్టవచ్చు. అరచేతి వెడల్పు మార్కాపురం పలక తునక ఒకటి, రంగులు వేసేవారు వాడే వాటర్ పేపర్ 220, 400, 600, 1200 నంబర్లవి ఒక్కొక్కటి, ఒక పళ్ళెంలో నీరు. వాటర్ పేపర్‌ను గాజు పలక మీద తడిపి పరచి, రాయిని దాని మీద గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. నీరు ఎప్పుడూ నల్లగా చిక్కబడుతూ ఉండాలి గాని ఆరకూడదు. పదేళ్ళ పిల్లలు కూడా పక్కన కూర్చుని చేయగలరు. ఒక్కో నంబరుకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఆఖరి నంబరు అయ్యాక కడిగి చూస్తే పాత బురద పొరల పట్టీలు ఏటవాలుగా బయటపడతాయి. ఆరాక రంగు వెలిసినట్టు అనిపిస్తే రెండు చుక్కలు అవిసె నూనె గుడ్డతో పట్టించి, ఒక పూట నీడన ఉంచితే తడిలో కనిపించిన రంగు మళ్ళీ తేలుతుంది.